ఎర్ర చెయ్యి, మా నాయన చెయ్యి

ఈ ఏడు పెత్రమాస అమావాస్యకు కొద్ది రోజుల ముందు నా చేతికి ఒక పుస్తకం వచ్చింది. గట్టి అట్ట, మెరిసే కాగితం, అట్ట మీద ఉబ్బెత్తుగా అచ్చేసిన ఎర్రటి అరచెయ్యి. బొల్లారంలో బతికి బొల్లారంలోనే కన్నుమూసిన ఒక ఇంగ్లీషు దొర జీవితం, ఆయన వంశచరిత్ర. ఆయన బారనెట్. మా నాయన ఆయన బట్లరు.

పేర్లు రాయను. దొర పేరు రాతి మీద చెక్కి ఉంది, ఇప్పుడు పుస్తకం కూడా ఎక్కింది. ఆయనకు నా సాయం అక్కర లేదు. మా నాయన పేరు ఆ పుస్తకంలో ఉండాల్సింది. అక్కడ లేని పేరును ఇక్కడ రాసుకొని కడుపు నింపుకోను.

బారనెట్ అంటే ఏందో చాలామందికి తెలవదు. లార్డు కాదు. వట్టి 'సర్' కూడా కాదు. వట్టి సర్ చచ్చిపోతే ఆ మాట ఆయనతోనే మట్టిలోకి పోతది. బారనెట్ చచ్చిపోతే పెద్దకొడుక్కు వస్తది, కొడుకు లేకుంటే తమ్మునికి, తమ్ముడూ లేకుంటే చిన్నాయన కొడుక్కు, ఆ ఇంట్ల మగ సంతు ఆగేదాక. నాలుగు వందల ఏండ్ల కింద వాళ్ళ రాజు ఐర్లండులో సిపాయిలను సాకనీకి పైసలు చాలక ఈ బిరుదును అమ్మకానికి పెట్టిండు. ఐర్లండులో ఆ సిపాయిలుండే ఉత్తరపు ముక్క గుర్తే ఎర్ర చెయ్యి. అందుకే బారనెట్లు తమ ముద్రలో ఆ చెయ్యి పెట్టుకుంటరు. మా దొర వంశంలో మొదటాయన ఉన్ని బట్టల షావుకారు. బిరుదు కొనుక్కున్నడు. రక్తం, వంశం, ఘనత అని ఎవరన్నా నా ముందర మొదలుపెడితే నాకు ఆ షావుకారే కండ్లల్ల మెదులుతడు.

నేను బడికి పోయింది తక్కువ. సికింద్రాబాదులో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా సీసం అక్షరాలు ఏరుకుంటా ఇంగ్లీషు నేర్చిన. తలకిందులుగా ఉన్న అక్షరం చదివినోనికి నిలువుగా ఉన్నది ఓ లెక్కా? మిగిలింది పాత పుస్తకాల దుకాణాల్లో నిలబడి చదువుకున్న. దుకాణపోడు 'కొంటవా, కొనవా' అని గదిమినప్పుడల్లా పేజీ గుర్తుపెట్టుకొని బయటపడేటోన్ని.

సికింద్రాబాదు లష్కర్ ఖాళీ చేసి తెల్లదొరలందరూ ఓడలెక్కి పోయిన కాలంలో మా దొర మాత్రం పోలేదు. పెండ్లి లేదు, పిల్లల్లేరు. బొల్లారంలో పెంకుటి బంగ్లా కిరాయికి తీసుకొని రెండు కుక్కలతోటి, మా నాయనతోటి ఉండిపోయిండు. ఓనాడు ఇంగ్లండు నుంచి టెలిగ్రాం వచ్చింది. మా నాయన వంటింట్లోంచి వచ్చేసరికి దొర ఆ కాగితం మోకాళ్ళ మీద పెట్టుకొని కూసున్నడట.

"బట్లర్, హమ్ సర్ బన్ గయా," అన్నడట.

"ముబారక్ సాబ్," అన్నడట మా నాయన.

ఇంటికొచ్చి మా అమ్మకు చెప్పిండు. "దొరకు ప్రమోషన్ వచ్చిందే."

"జీతం పెరిగిందా మరి?"

"లే. వాళ్ళన్న సచ్చిపోయిండట."

"గదేం ప్రమోషనయ్యా, మనిషి సస్తే వచ్చేది!"

మా అమ్మ ఈ మాట అన్నాక మా ఇంట్లో చానా ఏండ్లు నవ్వుకున్నం. ఇప్పుడు నవ్వు వస్తలేదు.

దొర దగ్గర ఒక వెండి డబ్బీ ఉండేది, చుట్టలు పెట్టుకునేది. దాని మూత మీద ఈ ఎర్ర చెయ్యే. మా నాయన పుట్టి పెరిగింది లష్కర్‌లో. పీర్ల పండుగకు నిప్పుల గుండం దగ్గర, ఊదు పొగల మధ్య లేచే వెండి చేతులకు దండం పెట్టుకుంటా పెరిగినోడు. చెయ్యి గుర్తు కనబడితే ఆయనకు ఇంకో అర్థం ఎక్కడిది? దొర ఇంట్లో ఎవరో పెద్దలు పీరుకు మొక్కుకున్నరు అనుకున్నడు. మొహర్రం వచ్చిందంటే ఆ చుట్టల డబ్బీని చింతపండుతో తోమి, బల్ల మీద పెట్టి, ఊదు వేసేటోడు. ఓసారి దొర చూసిండు. కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్విండు. అట్లా కాదు బట్లర్, ఇది ఫలానా అని చెప్పలేదు. క్లబ్బు స్నేహితులు వచ్చినప్పుడు మాత్రం వాళ్ళకు చెప్పి నవ్వించేటోడు. మా నాయన పక్కనే ట్రే పట్టుకొని, దొర సంతోషంగా ఉన్నడని తనూ నవ్వేటోడు. చాలా ఏండ్ల తర్వాత నేను చదివి తెలుసుకొని అసలు సంగతి చెప్పిన. "చెయ్యి చెయ్యే గదరా," అన్నడు. దొర పోయినంక మా ఇంటికి చేరిన ఆ డబ్బీకి ఆ ఏడు కూడా ఊదు వేసిండు.

పొద్దుగూకితే దొరకు రెండు పెగ్గులు. రెండోది సగంలో ఉండంగ వంశం ఎత్తుకునేటోడు. ఉన్ని షావుకారు, ఆయన కొడుకు, ఆయన కొడుకు, మధ్యల యుద్ధంలో పోయినోడు, గుర్రం మీదినుంచి పడి పోయినోడు, అప్పులపాలైనోడు, తాత, తండ్రి, అన్న. వినేది మా నాయన ఒక్కడే. విని విని ఆయనకు నోటికొచ్చింది. తన వంశం మాత్రం ఆయనకు రాదు. తండ్రి పేరు తెలుసు, తాత పేరు తెలుసు. ఆ తాత తండ్రి ఎవరో, ఏ ఊరి నుంచి కరువుకు తట్టుకోలేక ఇటు వచ్చిండో చెప్పే మనిషి మిగలలేదు. దొర ఎన్నడూ 'నీ వాళ్ళెవరు బట్లర్' అని అడగలేదు. అసలు పేరుతోటే పిలవలేదు. మా నాయన పేరు బట్లర్ అనే అనుకున్నడేమో.

దొర పోయినప్పుడు నేను అప్పుడే ప్రెస్సులో కుదిరిన. ఇంగ్లండులో చిన్నాయన కొడుక్కు తంతి కొట్టిన్రు. 'చింతిస్తున్నాము' అని జవాబొచ్చింది, మనిషి రాలేదు. పెద్దకుర్చీ లాంటి ఆ బిరుదు మాత్రం ఆ దినమే పోయి ఆ చిన్నాయన కొడుకు ఇంట్లో కూసున్నది. బొల్లారం శ్మశానంలో పాదిరి, ముసలి స్నేహితులు కొందరు, మేము. పెట్టె దింపినంక పాదిరి అటూ ఇటూ చూసి, "కుటుంబం తరఫున ఎవరు?" అని అడిగిండు. ఎవరూ కదల్లేదు. మా నాయన ముందుకు పోయి గుప్పెడు మట్టి వేసిండు. అప్పటికే ఆయన తలా మీసం తీయించుకొని వచ్చి ఉన్నడు.

వాడకట్టంతా ఒకటే మాట. "కిరస్తానీ దొరకు గుండు కొట్టుకున్నవా? పిచ్చి లేసిందా నీకు?"

"దిక్కులేదు గదనే ఆయనకు," అన్నడు మా నాయన. 

మూడోనాడు పిట్టకు పెట్టనీకి పోయినం. దొరకు ఇష్టమని కైమా కట్లెట్, సాసర్లో కొంచెం బ్రాందీ. సమాధుల గోడ మీద విస్తరి పెట్టి దూరంగా నిలబడ్డం. కాకులు చెట్టు మీద ఉన్నయి, దిగుతలేవు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. దొరకు ఏదో మిగిలిపోయింది, అందుకే ముడుతలేడు అని మా నాయన పరేషాన్. ఒక్కొక్కటే చెప్పుకుంటా వచ్చిండు. "కుక్కలను నేను సాకుత సాబ్." దిగలేదు. "గులాబీలకు నీళ్ళు పోస్త." దిగలేదు. ఆఖరుకు చేతులు జోడించి అన్నడు: "నీ పేరు, మీ నాయన పేరు, మీ తాత పేరు మా ఇంట్ల దీపమున్నన్ని దినాలు ఏటేటా తలుస్తం సాబ్." ఒక కాకి గోడ మీద వాలి కట్లెట్ అంచు కొరికింది. మా నాయన ఏడ్చిండు. మా తాత పోయినప్పుడు ఆయన ఏడ్చిండో లేదో నాకు తెలవదు.

ఆ పెత్రమాస నాడు, పెద్దల పేరు మీద అందరూ బియ్యం ఇచ్చే అమావాస్య నాడు, గుడి మండపంలో మా నాయన రెండు మూటలతో కూసున్నడు. దొర మూట ముందర, మాది వెనక. అప్పటి అయ్యగారు దొర పేరు విని దర్భ కింద పెట్టేసిండు.

"గోత్రం ఏందయ్యా ఈయనది?"

మా నాయన ఆలోచించి, "ఎర్ర చెయ్యి గోత్రం అయ్యగారూ," అన్నడు.

అయ్యగారు మంచి మనిషి. నవ్వు ఆపుకొని, "తెలవనోళ్ళందరికీ కాశ్యపమే. కానియ్యి," అని కానిచ్చేసిండు. అట్లా ఒక ఇంగ్లీషు బారనెట్ కాశ్యపస గోత్రీకుడై మా ఇంటి పెద్దలకంటె ముందర కూసున్నడు. మా నాయన పోయినంక నేను అదే నడిపించిన, ఒక్క ఏడు కూడా తప్పలేదు. బంగ్లా పోయింది, ఆ జాగలో అపార్టుమెంట్లు లేచినయి. దొర గడ్డి మొలిచిన రాయి కింద ఎవరికీ పట్టకుండా ఉన్నడు, మా ఇంటికి తప్ప.

పోయిన ఏడు ఒకామె మా ఇల్లు వెతుక్కుంటా వచ్చింది. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయిందట. దొర బిరుదు ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఆ ఇంగ్లండు కుటుంబమే ఆమెతో పుస్తకం రాయిస్తున్నది. చాయ్ తాగుకుంటా నేను చెప్పిందంతా ఫోనులో ఎక్కించుకున్నది. గోడ మీది ఫొటో అడిగితే తీసిచ్చిన, నకలు తీసుకొని మళ్ళ ఇచ్చింది. వరండాలో పేము కుర్చీలో దొర, వెనక ట్రేతో మా నాయన. మా నాయనది మా దగ్గరున్న ఒకే ఒక ఫొటో అది.

"అమ్మా, నాకు నా పేరు అక్కర లేదు," అన్న. "ఒక్క లైను రాయాలె. దొరకు కర్మ చేసిందెవరో, పేరుతోని. వంశం గురించిన పుస్తకం గదా, కొడుకు చేసే పని చేసినోని పేరు ఉండాలె గదా."

"అయ్యో అంకుల్, అది రాయకపోతే ఇంక పుస్తకమెందుకు?" అన్నది.

నమ్మిన. ఏడాది పాటు ఆ ఒక్క లైను కోసం చూసిన. నా భార్యకు చెప్పిన, పక్కింటోళ్ళకు చెప్పిన. నాయన పేరు అచ్చులో ఎట్లా కనబడుతదో, ఏ సైజు అక్షరంలో ఉంటదో మనసులో పేర్చి చూసుకున్న. చేసిన పని అదే గదా బతుకంతా.

పుస్తకం వచ్చింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అద్దాలు పెట్టుకొని చదివిన. చివర మడతలు విప్పితే బారెడు వంశవృక్షం, షావుకారు నుంచి మొన్న పుట్టిన పిల్లగాని దాక. దొర ఆఖరి దినాల గురించి 'నమ్మకస్తులైన నౌకర్ల మధ్య ప్రశాంతంగా కన్నుమూశారు' అని ఉంది. పై పేజీలో మా గోడ మీది ఫొటో. దొర ఉన్నడు, కుర్చీ ఉంది. పక్కన అంచు దగ్గర ఒక ట్రే, దాన్ని పట్టుకొని ఒక చెయ్యి. మణికట్టు దగ్గర కోసేసిన్రు. పొయ్యి మీద కాలి వంకరపోయిన చిటికెన వేలు, రాగి ఉంగరం. మా నాయన చెయ్యి.

ఆమే ఫోను చేసింది. "అంకుల్, బుక్ ఎట్లుంది?"

"చెయ్యి మంచిగొచ్చింది."

"కవర్ పేజీదా? ఆ డిజైన్ లండన్‌లో చేయించిన్రు అంకుల్."

"ఆ చెయ్యి కాదమ్మా."

 పేజీలో పట్టడానికి ఫొటో అంచులు తీసేసిన్రన్నది. లైను తాను రాసిందట, ఒట్టేసింది. కుటుంబమే వద్దన్నదట. "చర్చి సమాధి కదా అంకుల్. గుండు, కాకులు, అవన్నీ వాళ్ళకు అదోలా అనిపించినయి. పైగా నోటిమాట తప్ప ఆధారం లేదన్నరు."

"ఆధారమా? మట్టి వేసిన దినం వాళ్ళెక్కడున్నరో అడిగినవా?"

"జాగ కూడా సరిపోలేదంకుల్..."

"అమ్మా, నేను చేత్తో అక్షరాలు పేర్చినోన్ని. ఆ అధ్యాయం ఆఖరి పేజీ సగం ఖాళీగ ఉంది."

 మూడు రోజులాగి ఆమే మళ్ళీ ఫోను చేసి, దొర సమాధికి కొత్త రాయి వేస్తున్నమని, ఇప్పటి బారనెట్ ఇంగ్లండు నుంచి వస్తున్నడని, రమ్మని పిలిచింది. పోవద్దనుకున్న. మళ్ళీ ఆ ఫొటో తీసి, గుడ్డ సంచిలో పెట్టుకొని పోయిన.

శ్మశానంలో గడ్డి కోసిన్రు, షామియానా వేసిన్రు, బిస్కెట్లు, చాయ్. కొత్త రాయి మీద ఎర్ర రంగేసిన చెయ్యి. ఇప్పటి బారనెట్ పొడుగు మనిషి, ఎండకు ముక్కు తోలు లేచింది. పొగరుబోతు అయితే బాగుండు, నా నాలుగు మాటలు అని వచ్చేటోన్ని. మనిషి మంచోడు. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నడు. నాకు ఎక్కువ మంట పెట్టింది అదే.

ఫొటో తీసి ఇచ్చి, నాకొచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పిన. గుండు, మట్టి, కాకి, ఏటేటా బియ్యం. ఆయన మొహం ఎర్రబడ్డది.

"నిజంగానా? ఇప్పటికీ మా వాళ్ళ పేర్లు తలుస్తున్నరా?"

"మీ నోటికంటె మా అయ్యగారి నోటికే ఎక్కువొచ్చు."

నవ్విండు. తన తమ్ముని కూతురు ఇసొంటివి రాసుకుంటదని, ఫోనుతో ఫొటోను ఫొటో తీసిండు. "మీ నాన్నగారి పేరు?" అడిగిండు. చెప్పిన. ఆయన నోట్ల తిరగలేదు. మళ్ళీ చెప్పిన. "ఆయన తండ్రి?" చెప్పిన. "ఆయన తండ్రి?" చెప్పిన. "అంతకు ముందు?"

అక్కడ నాకు పేర్లు అయిపోయినయి. ఆయనకు ఏ దురుద్దేశం లేదు. వంశం అంటే వాళ్ళ ఇంట్ల అట్లనే అడుగుతరు కావచ్చు, మెట్లు దిగినట్టు. నేను ఆగిన మెట్టు కాడ ఆయన ఇంకా చానా మెట్లు దిగి పోగలడు.

"పరవాలేదు," అన్నడు, నన్ను ఓదార్చినట్టు. "తర్వాతి ఎడిషన్‌లో మీ నాన్నగారి పేరు తప్పకుండా వేయిస్త."

"సర్, నేను ప్రెస్సులో చేసిన. ఇసొంటి పుస్తకాలకు తర్వాతి ఎడిషన్ ఉండదు."

ఈసారి ఆయన నవ్వలేదు. ఎవరో వచ్చి రిబ్బను కాడికి పిలుచుకపోయిన్రు. చాయ్ ముట్టకుండా వచ్చేసిన.

పెత్రమాస ముందు దినం నేనూ నా భార్యా మోండా మార్కెట్ పోయినం. గుమ్మడికాయలు, సోరకాయలు, చామగడ్డ, చింతపండు. కాలు పెట్ట సందులేదు. నా భార్య ఎప్పటిలెక్కనే అన్నీ రెండు పాళ్ళు తీస్తున్నది.

"ఒక్క పాలు చాలు," అన్న.

"అదేంది? దొరది?"

"దొరకు ఇంగ్లండు నుంచి మనిషొచ్చిండు గదా. ఆయనే ఇస్తడు."

కూరగాయలామె గుమ్మడికాయ చేతిలో పట్టుకొని మా ఇద్దరి దిక్కు చూస్తున్నది. "ఏందవ్వా, మీ ఇంట్ల తెల్లదొర సుత ఉన్నడా?" అన్నది.

"ఉన్నడు, మా మామ తెచ్చిపెట్టిండు," అన్నది నా భార్య. తర్వాత నాతోని, "పిట్ట ముందర ఇచ్చిన మాట. నీ మాట కాదు తీసేసేటందుకు. మీ నాయన మాట. పుస్తకంల ఆయన పేరు ఎవరో తీసేసిన్రని ఆయన మాట నువ్వు తీసేస్తవా?"

 రెండు పాళ్ళూ తీసుకున్నం. ఇంటి దాక సంచి నేనే మోసిన, ఆమెకు ఇవ్వలేదు. కోపం ఎవరి మీదనో తెలవకుంటే ఏదన్నా మోయాలె.

మరునాడు గుడి మండపం నిండా జనం. ఇప్పటి అయ్యగారు ముందటి అయ్యగారి కొడుకే. నన్ను చూసుడు తోటే, "రా పెద్దాయన, మీ దొరగారివి నాకు నోటికొచ్చు," అని, నేను కూసోకముందే మొదలుపెట్టిండు. కాశ్యపస గోత్రస్య. దొర, దొర తండ్రి, దొర తాత. గుక్క తిప్పుకోకుండా, ఒక్క అక్షరం జారకుండా.

"ఆగుండ్రి అయ్యగారూ. ముందు మా నాయన."

"ఎప్పుడూ దొరగారే ముందు గదా? మీ నాయనే గట్ల పెట్టించిండు."

"తెలుసు. ఫొటోల సుత వెనకనే నిలబడ్డడు. ఇగ నుంచి మా నాయన ముందర. దొర ఆఖర్ల."

"ఆఖర్ల అంటే?"

"అన్నీ అయినంక దిక్కులేనోళ్ళకని పిడికెడు తీస్తరు గదా. దాంట్ల తలువుండ్రి దొరను. వాళ్ళ నాయనను, తాతను సుత. మా నాయన అన్నది గదే గదా, దిక్కులేదు గదనే అని. మాట తప్పుతలేను. జాగ మారుస్తున్న."

నా భార్య మోచేత్తో పొడిచింది. అయ్యగారు భుజాలెగరేసి, "నీ ఇష్టం. చెప్పు," అన్నడు.

మా నాయన పేరు చెప్పిన. పక్కోళ్ళు తిరిగి చూసేంత గట్టిగ చెప్పిన. మా తాత పేరు చెప్పిన.

"ముత్తాత?"

చెప్పిన. అది మా నాయన దాచిపెట్టి పోయిన ఆఖరి పేరు. మా నాయనకు తాత, నాకు ముత్తాత. మూడు తరాలు సరిపోయినయి. అక్కడ ఆగొచ్చు, శాస్త్రానికి అంతే చాలు. ఇంగ్లండు ఆయన అడిగింది చెవుల్లో ఉండిపోయిందేమో, నేనే అడిగిన.

"అంతకు ముందటోళ్ళను ఎక్కడ తలుస్తరు అయ్యగారూ? కరువుల వచ్చినోళ్ళను, పేరు తెలవనోళ్ళను?"

అయ్యగారు బియ్యంలో చెయ్యి పెట్టి పిడికిలి నింపిండు.

"గింత అడుగుడేంది పెద్దాయన? వాళ్ళు సుత ఈ పిడికెట్లనే," అన్నడు. "ఎప్పుడూ దీంట్లనే."

అయ్యగారు ఆ పిడికెడు తీసి పక్కన పెట్టి, దొర పేరు, దొర తండ్రి పేరు, దొర తాత పేరు చెప్పిండు. నేను శిక్ష వేసిన అనుకొని దొరను పంపిన కాడ మావాళ్ళు ఎప్పటినుంచో కూసోని ఉన్నరు. వాళ్ళలో ఒక్కరి పేరు కూడా అయ్యగారికి రాదు. నాకు రాదు.

"జరుగుండ్రి, వెనక చానా మంది ఉన్నరు," అన్నరు ఎవరో. నా భార్య ఖాళీ సంచులు మడిచి చంకన పెట్టుకుంది. జరిగినం.